వైద్యపరిశోధన పత్రికలు: వ్యాసాల రాక, సంపాదకనిర్వహణ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పరిశోధన పత్రికలు ప్రకటించే వార్షిక సంపాదకనివేదికలలో మూడు అంకెలు ప్రధానంగా కనిపిస్తాయి. అవి: ఆ ఏడాది వచ్చిన వ్యాసాల సంఖ్య, ఆమోదశాతం, నిర్ణయానికి పట్టిన సగటు కాలం. వీటిని బట్టి పత్రిక స్థాయిని అంచనా వేయడం పరిపాటి అయింది. ఈ మూడు అంకెలూ పత్రిక చేసిన పనికంటే, పత్రికకు వచ్చిన వ్యాసాల స్వభావాన్నే ఎక్కువగా తెలుపుతాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. సంపాదకుని పనితీరును గుర్తించడానికి ఆ అంకెలను ఏ విధంగా విడదీసి చదవాలో వివరిస్తుంది. 1889-90 నాటి హైదరాబాదు క్లోరోఫాం కమిషన్, 1897లో సికింద్రాబాదు నుంచి వెలువడిన రోనాల్డ్ రాస్ వ్యాసం, మన కాలంలో హైదరాబాదు కేంద్రంగా నడిచిన ఓమిక్స్ సంస్థపై వచ్చిన తీర్పు మొదలైనవాటిని ఇందుకు ఆధారంగా తీసుకుంటుంది.

కీలకపదాలు: వైద్యపరిశోధన పత్రిక, సంపాదకనివేదిక, నిపుణసమీక్ష, ఆమోదశాతం, మధ్యగతం, ఉపసంహరణ, పదోన్నతి నియమాలు.

1. ప్రవేశిక:

వరంగల్‌లో 1959లో కాకతీయ వైద్యకళాశాల ఏర్పడింది. తెలంగాణ రాష్ట్రం వచ్చిన తర్వాత ఇదే నగరం కాళోజీ నారాయణరావు ఆరోగ్యవిజ్ఞాన విశ్వవిద్యాలయానికి కేంద్రమైంది. ఒక కవి పేరును వైద్యవిశ్వవిద్యాలయం ధరించిన ఈ ఊరిలో, తెలుగుశాఖ అధ్యాపకులకూ వైద్యశాఖ అధ్యాపకులకూ ఉమ్మడిగా ఉన్న అవసరం ఒకటుంది. ఇద్దరూ పరిశోధన వ్యాసాలు రాయాలి. వాటిని గుర్తింపు పొందిన పత్రికలో ప్రచురించాలి. ఆ ప్రచురణల ఆధారంగానే పదోన్నతికి అర్హత పొందాలి. అయితే ఇద్దరి వ్యాసాల పర్యవసానం ఒకటి కాదు. ఒక కావ్యంపై వెలువడిన తప్పుడు నిర్ణయాన్ని మరో విమర్శకుడు సరిదిద్దేలోగా ఎవరి ప్రాణానికీ ముప్పు రాదు. ఒక మందు మోతాదుపై వెలువడిన తప్పుడు నిర్ణయం మాత్రం ఆసుపత్రి పడకదాకా వెళుతుంది. అందువల్ల వైద్యపత్రికలు తమ సంపాదకవ్యవస్థను మిగిలిన రంగాలకంటే ముందుగా, నిశితంగా పరీక్షించుకొన్నాయి. ఆ అనుభవం మానవీయశాస్త్రాల పత్రికలకు కూడా ఉపకరిస్తుంది.

ఈ పరిశీలనకు ఇప్పుడు ప్రత్యేకమైన అవసరం ఏర్పడింది. 2018లో యు.జి.సి. ప్రారంభించిన ‘కేర్’ జాబితాను నిలిపివేస్తున్నట్లు 2025 ఫిబ్రవరిలో ప్రకటన వెలువడింది. ఏది ప్రామాణికమైన పత్రికో, ఏది కాదో నిర్ణయించుకొనే బాధ్యత విశ్వవిద్యాలయాలపైకి, అధ్యాపకులపైకి, పరిశోధకులపైకి మళ్ళింది. ఇంతవరకు జాబితాలో పేరుందో లేదో చూస్తే సరిపోయేది. ఇకపై పత్రిక పనితీరును చదవడం నేర్చుకోవాలి.

2. సంపాదకనివేదికలోని అంశాలు:

ఒక వ్యాసం పత్రికకు చేరినప్పటి నుంచి వెలువడే వరకు సాధారణంగా ఐదు దశలు దాటుతుంది. మొదట కార్యాలయ పరిశీలన. ఇందులో నైతికసంఘం అనుమతి, రచయితల ప్రకటనలు, ఇతరుల రచనలతో పోలిక మొదలైనవి చూస్తారు. రెండవది సంపాదకుని ప్రాథమిక నిర్ణయం. పత్రిక పరిధికి చెందని వ్యాసాలు, పద్ధతిలో మౌలికమైన లోపమున్న వ్యాసాలు ఇక్కడే తిరిగి వెళతాయి. మూడవది నిపుణసమీక్ష. నాలుగవది సవరణ. ఐదవది తుదినిర్ణయం. ప్రచురణ తర్వాత అవసరమైతే వచ్చే సవరణ ప్రకటన, వ్యాసాన్ని ఉపసంహరించడం అనే ఆరవ దశ కూడా ఉంది. నివేదికలలో దీనికి చోటు అరుదుగా దొరుకుతుంది.

ఈ దశలన్నింటినీ కలిపి ఒకే సగటుగా చెప్పినప్పుడు ఏమవుతుందో ఒక ఊహాత్మకమైన లెక్కతో చూడవచ్చు. ఒక పత్రికకు ఏడాదిలో 400 వ్యాసాలు వచ్చాయనుకొందాం. వాటిలో 220 వ్యాసాలను సంపాదకుడు సగటున 10 రోజులలో ప్రాథమిక దశలోనే తిప్పి పంపాడు. మిగిలిన 180 వ్యాసాలు సమీక్షకు వెళ్ళాయి. వాటికి సగటున 120 రోజులు పట్టింది. చివరకు 60 వ్యాసాలు ఆమోదం పొందాయి. మొదటి నిర్ణయానికి పట్టిన సగటు కాలం 59.5 రోజులు, ఆమోదం 15 శాతం. నివేదికలో సుమారు 60 రోజులు అని కనిపిస్తుంది. నిజానికి ఏ రచయితకూ 60 రోజుల అనుభవం లేదు. కొందరికి 10 రోజులలో జవాబు వచ్చింది. మిగిలినవారు నాలుగు నెలలు ఎదురుచూశారు.

మరుసటి ఏడాది ఇదే పత్రికకు 600 వ్యాసాలు వచ్చాయనుకొందాం. అదనంగా వచ్చిన 200 వ్యాసాలూ పరిధికి చెందనివే కావడంతో 10 రోజులలో తిరిగి వెళ్ళాయి. సమీక్షకు వెళ్ళినవి మునుపటిలాగే 180, పట్టిన కాలం 120 రోజులు, ఆమోదం పొందినవి 60. ఇప్పుడు సగటు కాలం 43 రోజులకు తగ్గుతుంది. ఆమోదం 10 శాతానికి దిగుతుంది. వ్యాసాల రాక 50 శాతం పెరిగింది, నిర్ణయవేగం హెచ్చింది, ఎంపిక కఠినమైంది అని నివేదిక చెప్పుకోవచ్చు. ఆ మూడు మాటలూ లెక్క ప్రకారం సత్యాలే. కాని సమీక్షలో ఉన్న ఒక్క వ్యాసానికైనా ఒక్క రోజు కలిసిరాలేదు. సంపాదకవ్యవస్థలో ఏ మార్పూ జరగలేదు. మారింది వచ్చిన వ్యాసాల స్వభావం మాత్రమే.

ఈ కారణంగా సగటుకు బదులు మధ్యగతాన్ని చెప్పడం మేలన్న అభిప్రాయం ఉంది. అయితే పైన చూపిన రెండు సంవత్సరాలలోనూ సగానికి మించి వ్యాసాలు ప్రాథమిక దశలోనే తిరిగి వెళ్ళాయి. కాబట్టి ఆ వ్యాసాలన్నిటికీ దాదాపు 10 రోజులే పట్టి ఉంటే మధ్యగతం కూడా దాదాపు 10 రోజులే అవుతుంది. అంటే సమీక్షకు వెళ్ళిన వ్యాసాల కష్టం అసలు కనిపించకుండా పోతుంది. సరైన మార్గం ఒక్కటే. ప్రాథమిక దశలో తిరిగి వెళ్ళినవాటిని, సమీక్షకు వెళ్ళినవాటిని రెండు వరుసలుగా విడదీసి, దేని కాలాన్ని దానికి చెప్పాలి.

ఆమోదశాతంలో మరో చిక్కు ఉంది. నవంబరు, డిసెంబరు నెలలలో వచ్చిన వ్యాసాలపై నిర్ణయం మరుసటి ఏడాది వెలువడుతుంది. ఆ ఏడాది వచ్చినవాటితో భాగించాలా, ఆ ఏడాది నిర్ణయం పొందినవాటితో భాగించాలా అన్నదానిని బట్టి శాతం మారుతుంది. అలాగే పెద్ద సవరణ అవసరమైన వ్యాసాన్ని కొన్ని పత్రికలు తిరస్కరించి, కొత్తగా పంపమంటాయి. అప్పుడు అదే వ్యాసం రెండుసార్లు లెక్కకు వస్తుంది. వచ్చిన వ్యాసాల సంఖ్య పెరుగుతుంది, తిరస్కరణలు పెరుగుతాయి, స్వీకరణ నుంచి ఆమోదానికి పట్టిన కాలం తగ్గినట్లు కనిపిస్తుంది.

స్వీకరించిన తేదీ చిన్న విషయం కాదు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి ఏ.టి.పి. అనే పదార్థాన్ని గుర్తించిన వ్యాసం 1929లో ‘సైన్స్’ పత్రికలో వెలువడింది. జర్మనీలో కార్ల్ లోమాన్ అదే సంవత్సరం అదే పదార్థాన్ని గురించి ప్రకటించాడు. ఎవరు ముందు అన్న ప్రశ్న శాస్త్రచరిత్రలో నిలిచిపోయింది. అటువంటి సందర్భాలలో వ్యాసంపై పత్రిక వేసిన తేదీయే సాక్ష్యం. తిరస్కరించి కొత్త తేదీతో స్వీకరించే పద్ధతి ఆ సాక్ష్యాన్ని చెరిపివేస్తుంది.

3. హైదరాబాదు క్లోరోఫాం కమిషన్: ప్రయోగాల సంఖ్య, పత్రిక పాత్ర:

అంకెలు పెద్దవైనంతమాత్రాన నిర్ణయం సరైనది కాదనడానికి వైద్యపత్రికల చరిత్రలో హైదరాబాదు పేరుతోనే ఒక ఉదాహరణ ఉంది. 19వ శతాబ్దం చివరలో శస్త్రచికిత్సకు మత్తుమందుగా క్లోరోఫాంను విరివిగా వాడేవారు. కొందరు రోగులు మత్తులోనే హఠాత్తుగా మరణించేవారు. మరణానికి కారణం శ్వాస ఆగిపోవడమా, గుండె ఆగిపోవడమా అన్నది వివాదం. హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్, అక్కడి వైద్యపాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ శ్వాసయే కారణమని గట్టిగా నమ్మాడు. 1888లో మొదటి కమిషన్ జంతువులపై ప్రయోగాలు చేసి అతని అభిప్రాయాన్నే సమర్థించింది. లండనులోని ‘లాన్సెట్’ పత్రిక ఆ ఫలితాన్ని సందేహించింది.

అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లు సమకూర్చాడు. ఆ ధనంతో లాన్సెట్ తన ప్రతినిధిగా థామస్ లాడర్ బ్రంటన్‌ను 1889లో హైదరాబాదుకు పంపింది. అంతకు ముందు గుండెపై క్లోరోఫాం ప్రభావం ఉందని భావించిన బ్రంటన్, ఇక్కడి ప్రయోగాలను చూసి లారీ వాదాన్ని అంగీకరించాడు. వందలకొలది జంతువులపై జరిగిన ఈ రెండవ కమిషన్ ప్రయోగాల నివేదిక 1890లో లాన్సెట్‌లోనే వెలువడింది. ఈ ప్రయోగాలలో పాల్గొన్న రూపాబాయి ఫర్దూన్జీ, మత్తువైద్యంలో పనిచేసిన తొలి మహిళలలో ఒకరిగా చరిత్రకెక్కింది.

శ్వాసను జాగ్రత్తగా గమనించాలన్న కమిషన్ సలహా విలువైనదే. కాని గుండెకు ముప్పు లేదన్న ప్రధాన నిర్ణయం నిలవలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ, తేలికపాటి క్లోరోఫాం మత్తులో ఉన్న పిల్లులలో గుండె లయ తప్పి హఠాన్మరణం సంభవిస్తుందని చూపాడు. అంటే వందల ప్రయోగాలతో వెలువడిన నిర్ణయాన్ని సవరించడానికి రెండు దశాబ్దాలు పట్టింది.

ఈ ఉదంతాన్ని సంపాదకనిర్వహణ దృష్టితో చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఇక్కడ పత్రిక మొదట విమర్శకుని స్థానంలో ఉంది. తర్వాత పరిశోధనకు ప్రతినిధిని పంపింది. ఆపైన ఆ పరిశోధన ఫలితాన్ని తానే ప్రచురించింది. పరిశీలించవలసినవారు, పరిశోధించినవారు, ప్రచురించినవారు ఒక్కటైనప్పుడు, బయటినుంచి ప్రశ్నించే చూపు మిగలదు. దీనిని దురుద్దేశంగా భావించనక్కరలేదు. ధనం ఎక్కడినుంచి వచ్చిందో అందరికీ తెలుసు. పరిశోధకుల నిజాయతీని శంకించే ఆధారమూ లేదు. లోపించింది స్వతంత్రమైన పరిశీలన. రచయితలు ఆర్థికసహాయాన్ని, ప్రయోజనాల వైరుధ్యాన్ని ప్రకటించాలని నేటి వైద్యపత్రికలు కోరడంలో, సంపాదకులకు సంబంధమున్న వ్యాసాల నిర్ణయాన్ని ఇతరులకు అప్పగించడంలో ఉన్న ఆంతర్యం ఇదే. 1978లో వాంకూవర్‌లో సమావేశమై, తర్వాత అంతర్జాతీయ వైద్యపత్రికా సంపాదకుల సంఘంగా రూపొందిన బృందం ఇటువంటి నియమాలకు ఒక ఉమ్మడి రూపం ఇచ్చింది.

4. సికింద్రాబాదు నుంచి ఒక వ్యాసం:

హైదరాబాదు ఉదంతానికి ఎదురుగా నిలిచేది సికింద్రాబాదు ఉదంతం. రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న, మలేరియా రోగి రక్తం తాగిన దోమ కడుపు గోడలో రంగుకణాలతో కూడిన వింత కణాలను చూశాడు. మరుసటి రోజు మరో దోమలో అవే కణాలు మరింత పెద్దవిగా కనిపించాయి. దీనిపై అతడు రాసిన వ్యాసం 1897 డిసెంబరు 18న ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో వెలువడింది. మొదటిసారి చూసిన రోజుకూ ప్రచురణ తేదీకీ మధ్య 120 రోజులు. రాతకు పట్టిన కాలమూ, ఓడలో టపా ప్రయాణమూ అందులోనే ఉన్నాయి. పైన చెప్పిన ఊహాత్మక పత్రికలో సమీక్షకు మాత్రమే పట్టిన కాలం కూడా అంతే.

కాలంకంటే ముఖ్యమైనది ఆ వ్యాసం శీర్షిక. మలేరియా రహస్యం బయటపడిందని అది ప్రకటించలేదు. మలేరియా రక్తం తాగిన రెండు దోమలలో కనిపించిన కొన్ని వింత వర్ణకకణాల గురించి అని మాత్రమే చెప్పింది. ఆధారం రెండు దోమలే. శీర్షిక కూడా రెండు దోమలనే చెప్పింది. రాస్ తన స్లైడ్లను తోటి సైనికవైద్యుడు స్మిత్‌కు చూపి, అతని వాంగ్మూలాన్ని జతచేశాడు. లండనులో ప్యాట్రిక్ మాన్సన్ మొదలైనవారు చెప్పిన అభిప్రాయాలు కూడా వ్యాసంతోపాటు వెలువడ్డాయి. పాఠకునికి ఒకేచోట పరిశీలన, సాక్ష్యం, నిపుణుల సందేహాలు దొరికాయి. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియాపై చేసిన పరిశోధనతో రాస్ ఆ దారిని పూర్తిచేశాడు. 1902లో అతనికి నోబెల్ బహుమతి లభించింది.

వందల ప్రయోగాల కమిషన్ తప్పిపోవడం, రెండు దోమల వ్యాసం నిలబడడం యాదృచ్ఛికమని కొట్టివేయవచ్చు. అయితే ఆధారం ఎంతవరకు ఉందో నిర్ణయాన్ని అంతవరకే చెప్పించడం, ఇతరుల పరిశీలనను వ్యాసంలో భాగం చేయడం ఏ కాలంలోనైనా సంపాదకుని పనే. ఈ పని ఎంత బాగా జరిగిందో వ్యాసాల సంఖ్యలోగాని, సగటు కాలంలోగాని కనిపించదు. ప్రచురితమైన వ్యాసంలోనే కనిపిస్తుంది.

5. వ్యాసాల రాకను నిర్ణయించే కారణాలు:

వ్యాసాలు ఎక్కువగా వస్తే పత్రిక ప్రతిష్ఠ పెరిగిందని సంపాదకులు భావించడం సహజం. కాని వ్యాసాల రాకను పెంచే కారణాలు తరచుగా పత్రికకు వెలుపలే ఉంటాయి. వాటిలో మొదటిది నియమం. భారత వైద్యమండలి పి.జి. వైద్యవిద్య నియమావళిలో, విద్యార్థి ఒక పోస్టరును, ఒక సదస్సు పత్రాన్ని సమర్పించడంతోపాటు ఒక పరిశోధనవ్యాసాన్ని సిద్ధం చేయాలన్న నిబంధన ఉండేది. ఆ వ్యాసం ప్రచురితమైనా, ప్రచురణకు ఆమోదం పొందినా, ప్రచురణకు పంపినా పరీక్షకు అర్హత లభించేది. చివరి వెసులుబాటును గమనించాలి. వ్యాసం పంపినట్లు వచ్చే రశీదుకే విలువ ఉన్నప్పుడు, పరీక్షలకు ముందు నెలలలో పత్రికలకు వ్యాసాలు వెల్లువెత్తడానికి పరిశోధనలో ప్రగతి అవసరం లేదు.

అధ్యాపకుల పదోన్నతి నియమాలు రెండవ కారణం. ఎన్ని వ్యాసాలు కావాలి, ఏ సూచికలలో చేరిన పత్రికలు చెల్లుతాయి, ఎన్నవ రచయితకు గుర్తింపు ఉంటుంది అన్న అంశాలను వైద్యమండలి పలుమార్లు మార్చింది. 2015లో ఇచ్చిన వివరణలో ఆన్‌లైన్ పత్రికలలోని వ్యాసాలను లెక్కించబోమని చెప్పింది. తర్వాతి సవరణలలో ఆ వైఖరి మారింది. ఇటువంటి ప్రతి మార్పూ కొన్ని పత్రికలకు వ్యాసాలను పెంచుతుంది, కొన్నింటికి తగ్గిస్తుంది. 2012లో ఆరంభమైన విజయవాడ ఆరోగ్యవిజ్ఞాన విశ్వవిద్యాలయ పత్రిక, తిరుపతి స్విమ్స్ పత్రిక వంటి సంస్థాగత పత్రికలు ఈ వాతావరణంలోనే పనిచేయాలి. వాటి వ్యాసాల రాకను చదివేవారు ఆ సంవత్సరాల నియమాలను పక్కన పెట్టుకొని చదవాలి.

తెలుగు పరిశోధకులకు ఇది తెలియని అనుభవం కాదు. సిద్ధాంతగ్రంథ సమర్పణకు ముందు పరిశోధన పత్రికలో వ్యాసం ప్రచురించాలని 2016 నాటి యు.జి.సి. నిబంధనలు నిర్దేశించాయి, 2022 నిబంధనలు ఆ నిర్బంధాన్ని తొలగించాయి. ఈ రెండు తేదీల మధ్య సాహిత్యపత్రికలకు వచ్చిన వ్యాసాలను లెక్కించేవారు సాహిత్యాభిరుచితోపాటు నిబంధనను కూడా కొలుస్తున్నారు.

మూడవ కారణం ఆకస్మిక పరిణామం. 2020 ఫిబ్రవరి, మే నెలల మధ్య ఎల్సెవియర్ సంస్థ పత్రికలకు వచ్చిన వ్యాసాలు, అంతకు ముందు ఏడాది అదే కాలంతో పోలిస్తే 58 శాతం పెరిగాయి. ఆరోగ్య, వైద్యరంగాల పత్రికలలో ఈ పెరుగుదల 92 శాతం. ఈ పెరుగుదల అందరికీ సమానంగా దక్కలేదు. పురుషులతో పోలిస్తే మహిళాపరిశోధకులు పంపిన వ్యాసాల పెరుగుదల తక్కువగా ఉందని, వైద్యరంగంలోను, చిన్నవయసు పరిశోధకులలోను ఈ తేడా హెచ్చుగా కనిపించిందని ఈ గణాంకాలనే పరిశీలించిన అధ్యయనం తేల్చింది. బడులు మూతపడి ఇంటిపని, పిల్లల బాధ్యత పెరిగిన నెలలవి. మొత్తం సంఖ్యను మాత్రమే చెప్పే నివేదికలో ఈ వాస్తవం మరుగున పడుతుంది. ఎవరినుంచి వ్యాసాలు వస్తున్నాయి, ఎవరినుంచి రావడం లేదు అన్నది కూడా వ్యాసాల రాకలో భాగమే.

6. వేగం – రెండు అర్థాలు:

వేగంగా నిర్ణయించడం మంచి గుణమే. పనికిరాదని తేలిన వ్యాసాన్ని ఆరు నెలలు అట్టే పెట్టడం రచయితకు అన్యాయం. అయితే వేగం రెండు విధాలుగా సాధ్యం. సంపాదకుడు శ్రద్ధగా చదివి త్వరగా నిర్ణయించడం ఒకటి; అసలు చదవకపోవడం మరొకటి. నివేదికలోని అంకె ఈ రెండింటినీ ఒకే రీతిగా చూపుతుంది.

2013లో ‘సైన్స్’ పత్రిక తరఫున జాన్ బొహానన్ ఒక పరీక్ష నిర్వహించాడు. స్పష్టమైన శాస్త్రీయదోషాలతో కల్పించిన ఒక క్యాన్సర్ ఔషధవ్యాసాన్ని 304 ఆన్‌లైన్ పత్రికలకు పంపాడు. 157 పత్రికలు ఆమోదించాయి, 98 తిరస్కరించాయి. తుదినిర్ణయం వచ్చినవాటిలో దాదాపు 60 శాతం సందర్భాలలో సమీక్ష జరిగిన జాడయే లేదు. భారతదేశం కేంద్రంగా ఉన్న పత్రికలలో 64 ఆమోదించగా 15 మాత్రమే తిరస్కరించాయి. ఇందులో గమనించదగిన విశేషం మరొకటి ఉంది. ఆమోదానికి సగటున 40 రోజులు, తిరస్కరణకు 24 రోజులు పట్టాయి. దోషాన్ని గుర్తించిన పత్రికలే త్వరగా జవాబిచ్చాయి. కాబట్టి వేగమే దోషమనడానికీ వీలులేదు. ఆ రోజులలో ఏ పని జరిగిందన్నదే ప్రశ్న.

హైదరాబాదు కేంద్రంగా వందల పత్రికలను నడిపిన ఓమిక్స్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. నిపుణసమీక్ష గురించి తప్పుడు ప్రకటనలు చేయడం, ప్రచురణ రుసుమును ముందుగా తెలపకపోవడం, వ్యాసాన్ని వెనక్కి తీసుకోనివ్వకపోవడం అందులోని ప్రధానమైన ఆరోపణలు. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ న్యాయస్థానం కమిషన్‌కు అనుకూలంగా తీర్పిచ్చి, 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని ఆదేశించింది. ఒక పత్రికాసంస్థ తన సంపాదకనిర్వహణను గురించి చెప్పుకొనే మాట, వినియోగదారునికి ఇచ్చిన హామీతో సమానమని ఆ తీర్పు వల్ల తేలింది. సంపాదకమండలిలో ఎవరున్నారు, సమీక్ష జరుగుతుందా, రుసుము ఎంత అన్నవి మర్యాదకోసం చెప్పే మాటలు కావు. నిరూపించవలసిన వాస్తవాలు.

పేరున్న పత్రికలు కూడా ఈ ప్రమాదానికి అతీతం కావు. 671 ఆసుపత్రులకు చెందిన 96,032 మంది కోవిడ్ రోగుల సమాచారం ఆధారంగా హైడ్రాక్సీక్లోరోక్విన్‌పై రాసిన వ్యాసాన్ని లాన్సెట్ 2020 మే 22న ప్రచురించింది. దాని ప్రభావంతో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ మందు ప్రయోగాన్ని తాత్కాలికంగా ఆపింది. మూలసమాచారాన్ని స్వతంత్రంగా పరిశీలించడానికి వీలుపడకపోవడంతో జూన్ 4న వ్యాసం ఉపసంహృతమైంది. మధ్యకాలం 13 రోజులు. అదే పత్రిక 1998లో టీకాకు, ఆటిజానికి సంబంధం సూచిస్తూ 12 మంది పిల్లల ఆధారంగా వెలువరించిన వ్యాసాన్ని 2010లో గాని పూర్తిగా ఉపసంహరించలేదు. ప్రచురణకు ఎంత కాలం పట్టింది అన్నదానితోపాటు, తప్పు తెలిశాక దిద్దడానికి ఎంత కాలం పట్టింది అన్నది కూడా సంపాదకుని వేగమే. రోగికి ఉపకరించేది ఈ రెండవ వేగం.

7. సమీక్షకుని పరిమితి:

నిపుణసమీక్ష జరిగితే చాలునన్న నమ్మకం కూడా పూర్తిగా నిలబడదు. 1998లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఎనిమిది లోపాలను ఉద్దేశపూర్వకంగా చొప్పించిన వ్యాసాన్ని ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’ సమీక్షకులకు పంపారు. 221 మంది సమీక్షలు అందాయి. వారు ఎత్తిచూపిన లోపాలు సగటున రెండు మాత్రమే. సమీక్షకుల పేర్లు దాచినా, వెల్లడించినా ఫలితంలో మెరుగు కనిపించలేదు.

దీనిని బట్టి సమీక్ష వ్యర్థమని భావించరాదు. ఇద్దరు ముగ్గురు సమీక్షకులు వేరువేరు లోపాలను చూస్తారు. వాటిని ఒకచోట చేర్చి, వైరుధ్యాలను పరిష్కరించి, సమీక్షకులకు కనిపించనిదానిని తానుగా వెదకడం సంపాదకుని బాధ్యత. వైద్యవ్యాసాలలో గణాంకపద్ధతికి ప్రత్యేక సమీక్షకుని నియమించడం, ఔషధప్రయోగాలు ముందుగా నమోదై ఉండాలని కోరడం ఇందుకు సహాయకాలు. భారతదేశంలో 2007లో ఆరంభమైన క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు 2009 జూన్ నుంచి తప్పనిసరి అయింది. ప్రయోగం ముందు ఏమి కొలుస్తామన్నారో, వ్యాసంలో ఏమి కొలిచామంటున్నారో సంపాదకుడు పోల్చి చూడగలుగుతున్నాడు.

మరో వాస్తవం కూడా ఉంది. వ్యాసాల రాక పెరిగినంత సులభంగా సమీక్షకుల సంఖ్య పెరగదు. వేతనం లేని ఈ పనిని పగలు రోగులను చూసి, పాఠం చెప్పినవారే రాత్రిపూట చేస్తారు. కాబట్టి ఎందరిని అడిగితే ఒకరు అంగీకరించారు అన్న నిష్పత్తి, నివేదికలో ఉండవలసిన ముఖ్యమైన అంకె. సమీక్షకుల కొరతను దాచిన నివేదిక రాబోయే జాప్యాన్ని కూడా దాచినట్లే.

8. నివేదికను చదవవలసిన తీరు:

పై పరిశీలనను బట్టి, ఒక పత్రిక పనితీరును తెలుసుకోదలచిన పరిశోధకుడు ఈ కింది ప్రశ్నలు వేసుకోవచ్చు.

1. వచ్చిన వ్యాసాలలో ఎన్ని సమీక్షకు వెళ్ళాయి? సమీక్షకు వెళ్ళినవాటికి పట్టిన కాలాన్ని విడిగా చెప్పారా?

2. ఆమోదశాతాన్ని దేనితో భాగించి చెప్పారు? తిరస్కరించి మళ్ళీ పంపమన్న వ్యాసాలను ఎలా లెక్కించారు?

3. వ్యాసాల రాక పెరిగిన సంవత్సరంలో పదోన్నతి, పరీక్ష నియమాలు ఏమైనా మారాయా?

4. సంపాదకమండలి సభ్యుల వ్యాసాలు, అదే సంస్థ అధ్యాపకుల వ్యాసాలు ఎన్ని? వాటిపై నిర్ణయం ఎవరు తీసుకొన్నారు?

5. ప్రచురణ తర్వాత వచ్చిన ఫిర్యాదులు, సవరణలు, ఉపసంహరణలు ఎన్ని? ఒక్కో దానికి ఎంత కాలం పట్టింది?

6. తిరస్కృతవ్యాసాల రచయితలకు కారణాలు రాతపూర్వకంగా అందాయా?

చివరి ప్రశ్నకు జవాబు అంకెలలో దొరకదు. కాని జిల్లా ఆసుపత్రిలో పనిచేస్తూ మొదటి వ్యాసం రాసిన యువవైద్యునికి, గ్రామీణ కళాశాలలో పనిచేస్తూ మొదటి వ్యాసం రాసిన తెలుగు అధ్యాపకునికి ఆ కారణాలే పరిశోధనలో పాఠాలు. ఆమోదశాతం తక్కువగా ఉండడం గొప్ప కాదు. తిరస్కృతుడు ఏమి నేర్చుకొని వెళ్ళాడన్నది ముఖ్యం.

ఐదవ ప్రశ్నలో ఒక జాగ్రత్త అవసరం. ఉపసంహరణలు ఉన్న పత్రిక చెడ్డదని, లేని పత్రిక మంచిదని అనుకోరాదు. 2023లో హిందావీ సంస్థ పత్రికలనుంచే 8,000కు పైగా వ్యాసాలు ఉపసంహృతమయ్యాయి. అన్ని వ్యాసాలు లోపలికి రావడం సంపాదకవైఫల్యమే. కాని వాటిని బహిరంగంగా తొలగించడం దిద్దుబాటు. ఏళ్ళ తరబడి ఒక్క సవరణ కూడా ప్రకటించని పత్రికలో తప్పులు లేవని కాకుండా, తప్పులను వెదికేవారు లేరని అనుమానించవలసి ఉంటుంది.

9. ముగింపు:

వ్యాసాల రాక, ఆమోదశాతం, సగటు కాలం అనే మూడు అంకెలు సంపాదకనివేదికకు ప్రారంభమే గాని సారాంశం కావు. రాకను చాలావరకు నియమాలు, పరిస్థితులు నిర్ణయిస్తాయి. ఆమోదశాతం, సగటు కాలం ఆ రాకను అనుసరించి మారుతాయి. సంపాదకుని పని సమీక్షకు వెళ్ళిన వ్యాసాల కాలంలో, ఆధారానికి తగినట్లు దిద్దిన నిర్ణయాలలో, స్వతంత్రమైన పరిశీలనలో, తప్పును దిద్దిన వేగంలో తెలుస్తుంది.

జాబితాలు వస్తాయి, పోతాయి. ఇకపై విశ్వవిద్యాలయాలు తమ ప్రమాణాలను తామే ఏర్పరచుకొనేటప్పుడు, పత్రికకు ఎన్ని వ్యాసాలు వచ్చాయని అడగడంకంటే పై ఆరు అంశాలను ఏటా ప్రకటించమని కోరడం ఉపయుక్తం. వైద్యపత్రికలకు ఇది రోగుల క్షేమానికి సంబంధించిన విషయం. తెలుగు పరిశోధన పత్రికలకు ఇది విశ్వసనీయతకు సంబంధించిన విషయం. పెద్ద వనరులు అక్కరలేని పని ఇది. వచ్చిన ప్రతి వ్యాసం తేదీని, దానిపై తీసుకొన్న నిర్ణయాన్ని, నిర్ణయానికి కారణాన్ని ఒక పట్టికలో రాసిపెట్టుకొనే అలవాటుతో ఏ పత్రికైనా ఈ ఏడాదినుంచే దీనిని ప్రారంభించవచ్చు.